ప్లేట్లు కడిగే వేళ

4 ఫిబ్రవరి 2025, మంగళవారం. రథసప్తమి

ఇంకా చీకటుండగానే అమ్మ లేపింది. తల మీద, భుజాల మీద జిల్లేడాకులు పెట్టి చెంబుతో నీళ్లు పోసింది. నాకు యాభై దగ్గర పడుతున్నా ఈ ఒక్క రోజు ఆమె చేతి స్నానమే. తర్వాత తులసికోట ముందు పిడకల మీద పాలు పొంగించి, పరమాన్నం వండి, చిక్కుడాకులో పెట్టి తూర్పుకు చూపించింది. "నీకు బువ్వ పెడుతున్న దేవుడు ఆయననే. మనసుపెట్టి మొక్కు బిడ్డా" అన్నది. మొక్కాను. పద్దెనిమిదేళ్లుగా ఎండను నమ్ముకుని బతుకుతున్న ఇల్లు మాది.

నేను ఈ పనిలో చేరిన రోజుల్లో సోలార్ అంటే వీధి దీపమో, చేతి లాంతరో. 2010లో జాతీయ సౌర మిషన్ మొదలైనప్పుడు 2022 కల్లా 20,000 మెగావాట్లు అంటే నోరు తెరిచాం. ఈ జనవరిలో దేశం లక్ష మెగావాట్లు దాటింది. మా సంగారెడ్డి జిల్లాలోనే, గుమ్మడిదల మండలం అన్నారంలో, ప్రీమియర్ ఎనర్జీస్ వాళ్ల సోలార్ ప్లేట్ల ఫ్యాక్టరీ ఉంది. 1995లో పుట్టిన ఆ కంపెనీ నిరుడు సెప్టెంబరులో షేర్ మార్కెట్‌కెక్కింది. మాది అంత పెద్దది కాదు. ఫ్యాక్టరీల రేకుల మీద, ఇళ్ల స్లాబుల మీద ప్లేట్లు బిగించే కంపెనీ.

మధ్యాహ్నం పటాన్‌చెరు ఆఫీసులో పిలిచి కొత్త పని అప్పజెప్పారు. ఇన్నాళ్లూ పాశమైలారం, బొల్లారం షెడ్లెక్కి దిగడమే నా పని. ఇక నుంచి ఊళ్లకు కంపెనీ చేసే సాయం కూడా నేనే చూడాలి. కంపెనీల చట్టం 135వ సెక్షన్ ఏం చెబుతుందో మేనేజరు సారు ఓపిగ్గా వివరించారు. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉన్న కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న నియమం. లాభం గీత దాటి మేము దాని కిందికి వచ్చింది ఈ ఏడే.

కాగితం మీద ఈ పనికి పెట్టిన పేరు "సమాజానికి తిరిగి ఇవ్వడం". ఇంటికొచ్చాక ఆ మాట దగ్గరే ఆగిపోయాను. తిరిగి ఇవ్వడమంటే ముందు తీసుకున్నట్టే కదా. దానం చేసేవాడు ఎంత తోస్తే అంత ఇస్తాడు. బాకీ ఉన్నవాడు అలా కాదు, ఎంత ఉందో లెక్క చూసుకోవాలి. మేమెవరికి బాకీ? ఏం బాకీ? ముందు అది తేలాలి.

13 ఫిబ్రవరి, గురువారం

సంగారెడ్డి అవతల ఒక పల్లె దవాఖానకు వెళ్లాను. అక్కడ ఏడెనిమిదేళ్ల కిందే ఎవరో దాతలు సోలార్ పెట్టించారని తెలిసి, ఎలా పనిచేస్తోందో చూద్దామనుకున్నాను.

గోడకు నల్ల గ్రానైటు శిలాఫలకం. అక్షరాలు నిన్న చెక్కినట్టున్నాయి. స్లాబు మీద నాలుగు ప్లేట్లు. దుమ్ము పొర మీద వాన పడి, ఎండి, అట్ట కట్టింది. వేలితో గీస్తే గీత పడింది. కింద మెట్ల సందులో రెండు బ్యాటరీలు. మూతలు తీసి చూస్తే లోపల నీళ్ల చుక్క లేదు. ఆ రకం బ్యాటరీకి మూడు నాలుగు నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. పోసినా నాలుగైదేళ్లకు మార్చాలి. పోయాలని ఎవరూ చెప్పలేదు. మార్చడానికి ఎవరూ డబ్బు పెట్టలేదు. కరెంటు తయారుచేసే ప్లేటుకు పాతికేళ్ల ఆయుష్షు, దాన్ని దాచే బ్యాటరీకి అయిదేళ్లు. ఇచ్చినవాళ్లు పాతికేళ్ల వస్తువును చూశారు, అయిదేళ్ల వస్తువును మరిచారు.

ఏఎన్ఎం అక్క నా చేతికి ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి అన్నది: "మొదట్ల మంచిగనే ఎలిగింది సారూ. రాత్రి కాన్పుకొచ్చినా భయం లేకుండె. రెండో ఏడు బీపు బీపుమని మొత్తుకుంటే బటన్ బంద్ చేసినం. ఈ డబ్బ గప్పుడిచ్చిండ్రు, ఏందో తెల్వక దాసిపెట్టిన." అది డిస్టిల్డ్ వాటర్ డబ్బా. సీలు కూడా తీయలేదు.

దారంతా ఆ డబ్బా కళ్ల ముందే ఉంది. ఆ బీపు బీపు ఆకలేసిన పసిబిడ్డ ఏడుపు లాంటిది. దాని భాష ఆమెకు నేర్పకుండా పోయారు. తప్పు ఆమెది కాదు. చీకట్లో కాన్పు చేసిన రాత్రులు మాత్రం ఆమెవే.

24 ఫిబ్రవరి, సోమవారం

మేము ఎంచుకున్న ఊరి హైస్కూలుకు వెళ్లాను. హెచ్ఎం మేడం, ఇద్దరు పంతుళ్లు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఆడవాళ్లు కూర్చున్నారు. ఏడాది నుంచి ఊళ్లలో సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారుల పాలన. కాబట్టి ఊరి తరఫున గట్టిగా మాట్లాడింది కమిటీ అధ్యక్షురాలు, మహిళా సంఘం పెద్దక్క.

నేను ప్లాను పరిచాను. 5 కిలోవాట్ల ప్లేట్లకు దాదాపు 500 చదరపు అడుగుల స్లాబు కావాలి. నీడ లేకుండా, దక్షిణానికి తిప్పి, మన అక్షాంశానికి తగ్గట్టు పదిహేడు డిగ్రీల వాలు పెడితే రోజుకు సగటున 20 యూనిట్లొస్తాయి. బడి బిల్లు బాగా తగ్గుతుంది. అందరూ తలూపారు. పెద్దక్క మాత్రం ఒక్క ప్రశ్న అడిగింది.

"కరెంటు వోతే ఇది నడుస్తదా?"

నడవదన్నాను. బ్యాటరీ లేకుండా లైనుకు కలిపే సోలార్ లైను పోగానే తానూ ఆగిపోతుంది. ఆగకపోతే మన కరెంటు వెనక్కి తీగల్లోకి పారి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఆ జాగ్రత్త ఇన్వర్టర్‌లోనే ఉంటుంది. అంతా విని ఆమె అన్నది: "లైన్‌మన్ మంచిగుండాలె. కాదంటలేను. గని మా తిప్పల బిల్లు కాదు సారూ. కరెంటు వోతే బోరు మోటరు నడ్వదు, ట్యాంకుల నీళ్లుండయ్. నీళ్లు లేకుంటే బాత్రూములకు తాళమేస్తరు. మా ఆడపిల్లలు పొద్దటి నుంచి నీళ్లు తాగకుంట కూసుంటరు."

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మేడం కిందికి చూస్తూ ఉండిపోయింది. ప్లాను మడిచాను. పద్దెనిమిదేళ్ల అనుభవంతో వెళ్లి, యూనిట్ల లెక్క చెప్పి, దాహం లెక్క అడగలేదు. ప్లాను మారాలి: లైనుతోనూ బ్యాటరీతోనూ నడిచే ఇన్వర్టరు, మోటరు ఒక్కసారిగా గుంజే కరెంటును తట్టుకునేంత లిథియం బ్యాటరీ. అలాగైతే ప్లేట్లు 3 కిలోవాట్లకు తగ్గించాలి. తగ్గినా సరే.

5 మార్చి, బుధవారం

ఆఫీసులో వాదన. మార్చి 31 లోపు డబ్బు ఖర్చు కావాలి. గోడౌన్‌లో మిగిలిన పాత ప్లేట్లు బడికిచ్చి వాటి ధర లెక్కలో రాద్దామని ఒకరన్నారు. అకౌంట్స్ చూసే అమ్మాయి కుదరదని చెప్పింది. ఖర్చు పెట్టాలన్నది చట్టం మాట, వస్తువిచ్చి వెల కట్టడం చెల్లదని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2021లోనే తేల్చింది. ఆస్తి కూడా మా పేరు మీద ఉండకూడదు, బడికో పంచాయతీకో సంఘానికో చెందాలి. ఈ రెండూ మంచి నియమాలు. ఇచ్చామని చెప్పుకుని పట్టు మన చేతిలోనే ఉంచుకునే దారిని మూసేశాయి.

నా బాధ వేరు. పల్లె దవాఖాన బ్యాటరీల ఫోటోలు చూపించాను. "బిగించే డబ్బు ఒకటే ఇస్తే మనమూ ఇదే చేస్తాం. కడిగేవాళ్లకు నేర్పడానికి, పనిముట్లకు, మూడేళ్లు వచ్చి చూడటానికి డబ్బు కావాలి" అన్నాను. ఏడాదితో పద్దు మూసుకుపోతే మూడేళ్ల మాట ఎట్లా అన్నారు.

దారి చూపించింది మళ్లీ ఆ అమ్మాయే. కొనసాగే ప్రాజెక్టు అని బోర్డు తీర్మానిస్తే, మొదలైన ఏడాది కాక మరో మూడేళ్లు నడపొచ్చు. మిగిలిన సొమ్మును ఏడాది ముగిసిన 30 రోజుల్లో విడిగా బ్యాంకు ఖాతాలో వేసి ఆ పనికే వాడాలి. అందరూ తొందరపెడుతుందని తిట్టే చట్టం లోపల ఓపికకు కూడా ఒక తలుపు ఉంది. తెలిసినవాళ్లు తీయాలి, అంతే. సాయంత్రానికి బోర్డుకు పంపే కాగితం మీద మేనేజరు సారు సంతకం పెట్టారు. ఆ అమ్మాయికి చేతులెత్తి దండం పెట్టాను.

16 మార్చి, ఆదివారం

మామను చూడ్డానికి మా ఊరెళ్లాను. ఇద్దరం నక్కవాగు గట్టున నడిచాం.

చిన్నప్పుడు ఈ వాగులో ఈత నేర్చుకున్నాను. డెబ్బైల చివర నుంచి పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ మందుల ఫ్యాక్టరీలు, రంగుల ఫ్యాక్టరీలు వచ్చాయి. ఎనభైల్లో వాగు రంగు మారింది. నాన్న వరి ఎర్రబడి, గొడ్లు ఆ నీళ్లు ముట్టకపోవడం నాకు గుర్తు. ఈ వాగు పోయి కలిసేది మంజీరలో. మంజీర నీళ్లు హైదరాబాదు తాగేది.

పటాన్‌చెరు డాక్టరు అల్లాణి కిషన్‌రావుగారు తన దగ్గరికొచ్చే రోగుల ఒంట్లోనే ఈ వాగు కథ చదివారు. దశాబ్దాల పాటు వీధుల్లోనూ కోర్టుల్లోనూ కొట్లాడారు. 1990లో సుప్రీంకోర్టుకెళ్లిన కేసు హైకోర్టు మీదుగా హరిత ట్రిబ్యునల్ దాకా నడిచింది. స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్ బృందం ఇక్కడి శుద్ధి కేంద్రం నుంచి వదిలే నీళ్లను పరీక్షించి 2007లో ప్రకటించిన ఫలితాల్లో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. ఒక్క రోజులో వాగు పాలయ్యే ఆ మందు స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడేదానికి సమానమని వాళ్లు లెక్కగట్టారు. ప్రపంచం మా వాగు పేరు తెలుసుకున్నది అట్లా.

కోర్టు చెప్పాక రైతులకు పరిహారం వచ్చింది కదా మామా అన్నాను. కర్రతో గట్టు మట్టి కెలుకుతూ అన్నాడు: "పైసలిచ్చిండ్రు బిడ్డా. వాగునియ్యలే."

ఆ ఒక్క మాటలో నా ఫిబ్రవరి ప్రశ్నకు జవాబుంది. ఇక్కడ ఫ్యాక్టరీ అన్న మాటకే ఒక బాకీ అంటుకుని ఉంది. ఎండతో పనిచేస్తాం కాబట్టి మేము వేరు అనుకోవడానికి లేదు. మా ప్లేట్లు మోసుకొచ్చే లారీ ఈ రోడ్డు మీదే నడుస్తుంది, మా ఆఫీసు బోరు ఈ నేల నీళ్లే తోడుతుంది. రేపు పాతికేళ్లకు ఇప్పుడు బిగిస్తున్న ప్లేట్లన్నీ ముసలివవుతాయి. అద్దం, అల్యూమినియం తీసి అమ్ముకుంటారు. సీసం కలిసిన అతుకులు, ప్లాస్టిక్ పొరలు ఎక్కడ పడతాయి? 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చిన ఈ-వ్యర్థాల నియమాలు పాత ప్లేట్లను కూడా లెక్కలోకి తెచ్చాయి. తయారీదారులు వాటిని నియమం ప్రకారం నిల్వ ఉంచి లెక్క చూపాలి. బడికిచ్చే కాగితంలో నేనూ ఒక వాక్యం చేర్పిస్తాను: ఆయుష్షు తీరిన ప్లేటును, బ్యాటరీని మేమే వచ్చి తీసుకుపోతాం.

30 మార్చి, ఆదివారం. ఉగాది

పచ్చడి తిని నేరుగా బడికి వెళ్లాను. పదో తరగతి పరీక్షలు నడుస్తున్నందున ఇన్నాళ్లూ డ్రిల్లింగు మధ్యాహ్నాల్లోనే చేశాం. ఎర్తింగు గుంత, తీగలు, ఇన్వర్టరు అన్నీ అయ్యాయి. లైను బంద్ చేసి పెద్దక్క చేత మోటరు స్విచ్ వేయించాం. ట్యాంకులో నీళ్లు పడ్డ చప్పుడు పైనుంచి వినిపించింది. ఆమె ఏమీ అనలేదు. కొంగుతో స్విచ్ బోర్డు తుడిచింది.

శిలాఫలకం వద్దన్నాను. దాని బదులు ఇన్వర్టరు పక్కన తెలుగులో పెద్దక్షరాల బోర్డు రాయించాం: ఎర్ర దీపమొస్తే ఏం చేయాలి, ఏది ముట్టకూడదు, ఎవరికి ఫోను చేయాలి.

సంఘం నుంచి ఇద్దరు ముందుకొచ్చారు. ఒకామె ఏడో తరగతితో ఆగి మేస్త్రీల వెంట కూలికి పోతుంది. ఇంకొకామెకు చిన్న కిరాణా కొట్టుంది. మల్టీమీటరు పట్టుకోవడం నుంచి మొదలుపెట్టాను. కూలిపనికి పోయే చెల్లె చేతివేళ్లు గరుకు, పట్టు మాత్రం కంసాలి పట్టు. ఆడవాళ్లకు ఇదంతా వస్తుందా అని మా కుర్రాడొకడు అడిగితే వాడికి రెండు కథలు చెప్పాను. రాజస్థాన్ తిలోనియాలో 1972లో పుట్టిన బేర్‌ఫుట్ కాలేజీలో చదువురాని నానమ్మలు ఆరునెలల్లో సోలార్ పని నేర్చుకుంటారు, ఆఫ్రికా నుంచి కూడా వచ్చి నేర్చుకుపోతారు. అంత దూరం పోనక్కర్లేదు. మన జిల్లాలోనే మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు 2008లో సంఘం రేడియో పెట్టారు. దాన్ని నడిపింది నర్సమ్మ అనే పేరున్న ఇద్దరు పల్లె ఆడపిల్లలు. మహిళా సంఘాల చేత 1000 మెగావాట్ల సోలార్ పెట్టించాలని రాష్ట్ర ప్రభుత్వం నిరుడు నవంబరులో ఒప్పందం చేసుకుంది. ఆ రోజులు వచ్చేసరికి ఈ ఇద్దరి చేతుల్లో పని ఉండాలి.

వాళ్ల పనికి నెల నెలా కూలి ఆ విడి ఖాతా నుంచే. సేవ పేరు చెప్పి ఆడవాళ్ల చేత ఉచితంగా చేయించుకోవడం కొత్త బాకీ చేయడమే.

23 ఏప్రిల్, బుధవారం

రేపటి నుంచి వేసవి సెలవులు. ఇంత ఎండలో యూనిట్లు పెరగాలి గదా, తగ్గుతున్నయేంది అని కిరాణా అక్క ఫోను చేసింది. మంచి ప్రశ్న. ప్లేటుకు వెలుగు కావాలి, వేడి పనికిరాదు. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకీ దాదాపు 0.4 శాతం బలం తగ్గుతుంది. మిట్టమధ్యాహ్నం ప్లేటు మీద చెయ్యి పెట్టలేం. దానికి తోడు మా బెల్టు దుమ్ము: ముంబై రోడ్డు లారీలది, క్రషర్లది.

చల్లారకముందు చల్లనీళ్లు పోస్తే అద్దం పగలొచ్చని, సూర్యుడు రాకముందే కడగాలని చెప్పాను. సెలవుల్లో మిగిలే కరెంటు నెట్ మీటరు ద్వారా లైనులోకి పోయి బడి ఖాతాలో జమవుతుంది. అందుకే పిల్లలు లేకపోయినా కడగడం ఆపొద్దన్నాను. "అలుకు చల్లేటి యాల్లనే గదా, అలవాటే" అన్నది. నిజమే. వాకిట్లో పేడనీళ్లు చల్లే వేళకు లేచే ఆడవాళ్లకు ఇది కొత్త పని కాదు. వాకిలి కాస్త పైకెక్కింది.

1 జులై, మంగళవారం

నిన్న పొద్దున పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు. పదుల సంఖ్యలో కార్మికులు పోయారు. బతుకుతెరువుకు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. ఇవాళ ఆ రోడ్డున పోతుంటే దవాఖాన ముందు ఫోటోలు పట్టుకుని నిలబడ్డవాళ్లు కనిపించారు. బండి ఆపి కాసేపు నిలబడ్డాను. ఒకతను తన తమ్ముడి ఫోటో నాకు కూడా చూపించాడు. ఏమీ చెప్పలేకపోయాను.

ఆఫీసుకొచ్చి స్లాబులెక్కే మా కుర్రాళ్లందరి నడుం బెల్టులు, తాళ్లు బయట వేయించి ఒక్కొక్కటీ లాగి చూశాను. రెండు పక్కన పడేశాను. చట్టం కోరే 2 శాతం లెక్కలో ఈ తాళ్లు రావు. కానీ ఏ ఊరికి ఏది ఇచ్చినా దానికన్నా ముందు లెక్క ఇదే: పొద్దున పనికొచ్చిన మనిషిని సాయంత్రం ఇంటికి పంపాలి. అది కుదరని చోట తిరిగి ఇవ్వడం అన్న మాటకు అర్థం లేదు. తిరిగి ఇవ్వలేనివి కొన్ని ఉంటాయి. వాటిని తీసుకోకూడదు.

16 ఆగస్టు, శనివారం

మూడు రోజులుగా ముసురు. నిన్న జెండా పండుగకు బడికి పిలిచారు. వందన సమర్పణ జరుగుతుండగా కరెంటు పోయింది. ఎవరూ గుర్తించలేదు. బాత్రూముల దగ్గర ఆడపిల్లలు చేతులు కడుక్కుంటూ నవ్వుకుంటున్నారు. తాళాలు మేడం టేబుల్ సొరుగులో ఉన్నాయట, జూన్ నుంచి తీయలేదట.

జనం వెళ్లాక కూలి చెల్లె నన్ను ఇన్వర్టరు దగ్గరికి తీసుకెళ్లి రిజిస్టరు తెరిచింది. జులైలో వారం పాటు యూనిట్లు తగ్గితే స్లాబెక్కి చూసిందట. వేపకొమ్మ పెరిగి పొద్దుటి నీడ ఒక ప్లేటు మూల మీద పడుతోంది. వరుసలో ఒక్కదాని మీద నీడ పడ్డా మిగతావి దిగిపోతాయని ఏప్రిల్‌లో నేను చెప్పింది గుర్తుపెట్టుకుంది. కొమ్మ కొట్టించింది. నాకు ఫోను కూడా చేయలేదు. ఎందుకు చేయలేదని అడిగితే, "గింతదానికి మీరెందుకన్నా" అన్నది.

పల్లె దవాఖానకు కొత్త బ్యాటరీలు కూడా ఈ నెలలోనే బిగించాం. అక్కడి ఏఎన్ఎం అక్కకు డబ్బా మూత తీసి నీళ్లు ఎట్లా పోయాలో చూపించింది ఈ చెల్లెనే. నేను గుమ్మం దగ్గర నిలబడి చూశాను.

ఆమె రిజిస్టరులో చివరి నాలుగు వరుసలు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. అక్షరాలు పెద్దవి, కొంచెం వంకర. తేదీ ఎదుట అంకె, అంకె ఎదుట మాట.

ఆగస్టు 12. 11 యూనిట్లు. ఎండ ఉంది. కడిగినం.
ఆగస్టు 13. 5 యూనిట్లు. మబ్బు.
ఆగస్టు 14. 4 యూనిట్లు. వాననే కడిగింది.
ఆగస్టు 15. 6 యూనిట్లు. కరెంటు రెండు సార్లు పోయింది. నీళ్లు ఉన్నయ్.